క్లినిక్‌లో బీపీ సరిగ్గా ఎలా చూడాలి: కొత్తగా డ్యూటీలో చేరిన సిస్టర్ల కోసం

"అక్కా, నేను చూస్తే 162 వచ్చింది, లోపల డాక్టర్ గారు చూస్తే 140 అంట, పేషెంట్ ముందే అడిగేశారు నన్ను, నేనేం తప్పు చేశాను?" నెల్లూరు, గూడూరు, చిత్తూరు వైపు నుంచి జీఎన్ఎం నర్సింగ్ చదివొచ్చి ఇక్కడ చెన్నైలో క్లినిక్కుల్లో చేరిన అమ్మాయిలు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. పెరంబూర్ వైపు ఒక ఓపీలో పదకొండేళ్లుగా బీపీ చూస్తున్నా కాబట్టి నాకు తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నా, చదివి పక్కన పెట్టకుండా రేపు డ్యూటీలో ఒక్కో స్టెప్పు చేసి చూడండి.

ముందే ఒక మాట చెప్తా. మీకు చెవులు సరిగ్గా వినపడక తప్పు రీడింగ్ వచ్చేది చాలా తక్కువ. నేను చూసినంతవరకు తప్పంతా కఫ్ (చేతికి చుట్టి గాలి కొట్టే పట్టీ) చుట్టకముందే జరిగిపోయి ఉంటుంది, పేషెంట్‌ని ఎలా కూర్చోబెట్టాం, చెయ్యి ఎక్కడ పెట్టించాం, ఏ సైజ్ కఫ్ తీశాం, ఈ మూడింట్లోనే. ఆ తప్పు రీడింగ్ పట్టుకుని ఒక మనిషి జన్మంతా మాత్ర మింగొచ్చు, లేదా మింగాల్సిన మనిషి మింగకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఏమేం కావాలి

- వీపు ఆనుకునే కుర్చీ. స్టూల్ వద్దు, పేషెంట్‌ని బెడ్ అంచున కూర్చోబెట్టి కాళ్లు వేలాడదీయడం అసలే వద్దు.
- చెయ్యి పెట్టుకోవడానికి టేబుల్, ఎత్తు చాలకపోతే కింద పెట్టడానికి ఒక దిండో మడిచిన టవలో.
- బీపీ మెషిన్. పై చేతికి చుట్టే డిజిటల్ ఉంటే మంచిది, లేదంటే ముల్లు తిరిగే డయల్ మెషిన్. మణికట్టుకి పెట్టుకునేవి క్లినిక్‌లో వాడకండి. పాదరసం మెషిన్ ఇంకా ఉంటే అది బాగానే చూపిస్తుంది కానీ పగిలితే ప్రమాదం, పాదరసం వాడకం తగ్గించాలని 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది కూడా, కొత్తగా కొనేటప్పుడు దాని జోలికి పోవద్దని మీ క్లినిక్ వాళ్లకి చెప్పండి.
- కనీసం రెండు సైజుల కఫ్‌లు, మూడుంటే ఇంకా మంచిది.
- దర్జీ టేపు. పది పదిహేను రూపాయల వస్తువు, ఏ క్లినిక్‌లోనూ కనపడదు.
- డయల్ మెషిన్ అయితే స్టెతస్కోప్, సెకన్ల ముల్లున్న గోడ గడియారం.

స్టెప్ 1: కూర్చోబెట్టే ముందు నాలుగు ప్రశ్నలు

కాఫీ, టీ తాగి, సిగరెట్ తాగి, మెట్లెక్కి లేదా గబగబా నడిచి వచ్చి అరగంట అయిందా? బాత్రూమ్‌కి వెళ్లాలా? నొప్పి ఏమైనా ఉందా? ఈరోజు బీపీ మాత్ర వేసుకున్నారా?

చివరి ప్రశ్న మన దగ్గర చాలా ముఖ్యం. ఫాస్టింగ్ షుగర్ టెస్ట్ ఉందని పరగడుపున వచ్చేవాళ్లు టిఫిన్‌తో పాటు బీపీ మాత్ర కూడా మానేసి వస్తారు, మనమేమో 170 వచ్చిందని రాస్తాం, డాక్టర్ డోస్ పెంచుతారు. మాత్ర వేసుకోలేదంటే ఆ ముక్క రీడింగ్ పక్కన తప్పకుండా రాయండి.

ఒకసారి సూళ్లూరుపేట నుంచి పొద్దున లోకల్ ట్రైన్‌లో వచ్చిన పెద్దాయన, సెంట్రల్‌లో దిగి బస్సు పట్టుకుని, కింద టీ కొట్లో కాఫీ తాగి మా మెట్లెక్కి నేరుగా నా ముందు కూర్చున్నారు. 168/96 వచ్చింది. బాత్రూమ్‌కి వెళ్లి రమ్మని, ఫ్యాన్ కింద అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 142/84. నేను మొదటిదే రాసి లోపలికి పంపించుంటే ఆయనకి ఇంకో మాత్ర పడేది.

స్టెప్ 2: 5 నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా

ఐదంటే ఐదు. ఓపీలో టోకెన్లు నలభై ఉంటే ఎలా అక్కా అంటారు, నిజమే. నేను చేసేది చెప్తా, బీపీ టేబుల్ పక్కనే వీపు ఆనే కుర్చీలు మూడు వేయించా, ఒకరికి చూస్తుంటే తర్వాతి ముగ్గురు అక్కడ ఊరికే కూర్చుంటారు, వాళ్ల ఐదు నిమిషాలు అక్కడే అయిపోతాయి. ఫోన్ చూడనివ్వకండి, ఫోన్లో మాట్లాడటం అసలొద్దు. మాట్లాడుతుంటే పై బీపీ (168/96లో ముందున్న 168, తర్వాతది కింది బీపీ) 10 దాకా పెరగొచ్చు, మనమే "ఊరు ఏది, పిల్లలెంతమంది" అని పలకరిస్తూ గాలి కొట్టడం కూడా అదే తప్పు. పలకరింపు ముందో తర్వాతో పెట్టుకోండి.

తమిళం ఇంకా రాని అమ్మాయిల కోసం: "అంజు నిమిషం అమైదియా ఉక్కారుంగ" అంటే ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి, "పేసాదీంగ" అంటే మాట్లాడకండి, "కాల్ మేల కాల్ పోడాదీంగ" అంటే కాలు మీద కాలు వేయకండి, "కయ్యి లూసా విడుంగ" అంటే చెయ్యి వదులుగా పెట్టండి. ఈ నాలుగూ వస్తే పని నడిచిపోతుంది.

స్టెప్ 3: వీపు, కాళ్లు, చెయ్యి

వీపు కుర్చీకి ఆనాలి, రెండు పాదాలు నేల మీద చదునుగా ఉండాలి. కురచగా ఉన్నవాళ్ల కాళ్లు నేలకి అందవు, కింద చిన్న పీట వేయండి. కాలు మీద కాలుంటే పై బీపీ 2 నుంచి 8 దాకా పెరుగుతుంది.

ఇక చెయ్యి. కఫ్ మధ్య భాగం గుండె ఎత్తులో ఉండాలి, గుర్తుకి రొమ్ము ఎముక మధ్యభాగం చూసుకోండి. చెయ్యి టేబుల్ మీద పూర్తిగా ఆని ఉండాలి, పేషెంట్ గాల్లో పట్టుకోకూడదు, మీరు మీ చేత్తో పట్టుకున్నా సరే కానీ వాళ్ల బలం వాడకూడదు. గుండె కన్నా చెయ్యి 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే రీడింగ్ 7, 8 దాకా పెరుగుతుంది, పైకి ఉంటే అంతే తగ్గుతుంది. ఒళ్లో చెయ్యి పెట్టించి చూడటం మన దగ్గర మామూలైపోయింది, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2024లో దీన్నే కొలిచి చూపించారు, టేబుల్ మీద పెట్టినదానికన్నా ఒళ్లో పెడితే పైదీ కిందిదీ సుమారు 4 చొప్పున ఎక్కువ వచ్చాయి, చెయ్యి పక్కకి వేలాడదీస్తే పైది 6.5 ఎక్కువ వచ్చింది. 136 ఉన్న మనిషి 142 అయిపోతాడు, బీపీ ఎక్కువుందని లెక్కేసే 140 గీత దాటేసినట్టే కదా.

స్టెప్ 4: కఫ్ సైజ్

నన్నడిగితే ఇది ఒక్కటి సరిచేసుకున్నా సగం గొడవ పోతుంది. భుజం ఎముక కొసకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి కొలవండి.

- 22 నుంచి 26 సెంటీమీటర్లు: చిన్న కఫ్
- 27 నుంచి 34: మామూలు కఫ్
- 35 నుంచి 44: పెద్ద కఫ్
- 45 పైన: అన్నిటికన్నా పెద్దది, తొడ కఫ్ అంటారు

కంపెనీని బట్టి ఈ కొలతలు కొంచెం మారతాయి, కఫ్ మీదే రాసి ఉంటుంది, అదే నమ్మండి. టేపు లేకపోతే కఫ్ చుట్టినప్పుడు దాని అంచు గీత, లోపల గీసిన రెండు గీతల మధ్యలో పడుతుందో లేదో చూడండి, పడకపోతే ఆ కఫ్ ఆ చేతికి పనికిరాదు. గీతలు చెరిగిపోయిన పాత కఫ్ అయితే లోపలి రబ్బరు సంచి పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతమన్నా ఉండాలి, వెడల్పు 40 శాతం.

లావు చేతికి మామూలు కఫ్ కడితే బీపీ ఎక్కువ వస్తుంది, సన్నటి చేతికి పెద్ద కఫ్ కడితే తక్కువ వస్తుంది. ఎంత ఎక్కువ అంటే, అన్నిటికన్నా పెద్ద కఫ్ కావాల్సినవాళ్లకి మామూలు కఫ్ కడితే పై బీపీ సగటున 19.5 ఎక్కువ చూపించిందని 2023లో వచ్చిన ఒక స్టడీ చెప్పింది. దాదాపు ఇరవై పాయింట్లు!

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకే ఒక్క కఫ్ ఉండేది. ఒక ఆవిడ చెయ్యి 38 ఉంటుంది, ఏళ్ల తరబడి ఆ మామూలు కఫ్‌తోనే చూసి 150, 156 అని రాసుకుంటూ పోయాం, మాత్రలు రెండు రకాలయ్యాయి, ఆవిడ లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని చెప్తూనే ఉండేది. తర్వాత పెద్ద కఫ్‌తో చూస్తే 132. ఆ ఏళ్లలో ఆవిడ చీటీ మీద నా చేతిరాత కూడా ఉంది, అది నాకు ఇప్పటికీ బాధే. మీ క్లినిక్‌లో పెద్ద కఫ్ లేకపోతే డాక్టర్‌ని అడిగి తెప్పించండి, మొహమాటపడకండి.

స్టెప్ 5: చుట్టడం

చొక్కా చెయ్యి పైకి మడిచి బిగిస్తే అది తాడు కట్టినట్టు పట్టేసి రీడింగ్ మార్చేస్తుంది. మగవాళ్లయితే చెయ్యి బయటికి తీయించండి. ఆడవాళ్ల జాకెట్ చెయ్యి బిగుతుగా ఉంటే కర్టెన్ వేసి ఒక చెయ్యి తీయమని మెల్లగా అడగండి, ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, పల్చటి గుడ్డ ఒక పొర మడత లేకుండా సాఫీగా ఉంచి దాని మీదే చుట్టి ఆ సంగతి రాయండి, పైకి బిగించి మడవడం కన్నా అది నయం. స్వెటర్ మీద, మందపాటి చుడీదార్ మీద మాత్రం వద్దు.

కఫ్ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్లంత పైన ఉండాలి. కఫ్ మీద ఉన్న బాణం గుర్తు, మోచేతి మడతలో చిటికెన వేలి వైపు కొట్టుకునే నాడి మీదికి రావాలి. చుట్టాక కఫ్ కింద రెండు వేలికొసలు దూరాలి, నాలుగు దూరితే వదులు.

స్టెప్ 6: ముందు నాడి పట్టి చూడండి

డయల్ మెషిన్ వాడేవాళ్లకి ఇది, అందరూ దాటేసే స్టెప్పు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టండి, నాడి ఎక్కడ ఆగిపోయిందో ఆ నంబర్ గుర్తుపెట్టుకుని గాలంతా వదిలేయండి. ఒక నిమిషం ఆగి, ఈసారి స్టెత్ పెట్టి ఆ నంబర్ కన్నా 20, 30 పైకి కొట్టండి.

ఎందుకంటే కొందరికి, ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకి, శబ్దం ఒకసారి మొదలై మధ్యలో మాయమై మళ్లీ కింద వినపడుతుంది. మీరు లెక్కగా 160 దాకానే కొడితే సరిగ్గా ఆ నిశ్శబ్దంలో పడి, 190 ఉన్న మనిషికి 146 అని రాసేస్తారు. అందరికీ 200 దాకా కొట్టేస్తే సరిపోదా అంటే, నొప్పి పుడుతుంది, ఆ నొప్పికే బీపీ పెరుగుతుంది.

స్టెప్ 7: వినడం

స్టెత్ తలని నాడి మీద తేలిగ్గా ఆనించండి, గట్టిగా నొక్కకండి, కఫ్ కిందికి దూర్చకండి. స్క్రూ మెల్లగా తిప్పి సెకనుకి 2 లేదా 3 పాయింట్లు దిగేట్టు వదలండి, నాడి బాగా నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి ఒక్కో దెబ్బకి 2 పాయింట్లు. వరసగా రెండు దెబ్బలు వినపడితే వాటిలో మొదటిది పై బీపీ. శబ్దం పూర్తిగా ఆగిపోయిన చోటు కింది బీపీ. 1905లో కొరోట్కాఫ్ అనే రష్యా సర్జన్ ఈ శబ్దాల సంగతి చెప్పాడు, ఇప్పటికీ మనం అదే పద్ధతిలో వింటున్నాం. కొందరు గర్భిణులకీ పిల్లలకీ శబ్దం సున్నా దాకా వినపడుతూనే ఉంటుంది, అప్పుడు శబ్దం ఒక్కసారిగా మందగించిన చోటు తీసుకుని అలా తీసుకున్నామని రాయండి.

మధ్యలో మిస్సయితే అక్కడికక్కడే మళ్లీ గాలి కొట్టకండి. పూర్తిగా వదిలేసి, ఒక నిమిషం ఆగి మొదటి నుంచి.

డిజిటల్ అయితే 6, 7 స్టెప్పులు లేవు, బటన్ నొక్కి చేతులు కట్టుకుని నిలబడటమే. కానీ అది శబ్దం వినదు, రక్తనాళం కొట్టుకునే అదురుని కఫ్‌లో పట్టుకుంటుంది, అందుకే చెయ్యి కదిలినా, వణికినా, నాడి లయ తప్పి కొట్టుకుంటున్నా తికమక పడుతుంది. కాబట్టి డిజిటల్ ఉన్నా ముందు అర నిమిషం నాడి పట్టి చూడండి, లయ తప్పితే స్టెత్‌తో రెండు మూడుసార్లు చూసి డాక్టర్‌కి నోటితో చెప్పండి.

స్టెప్ 8: ఇంకోసారి, అవతలి చెయ్యి కూడా

ఒక్క రీడింగ్‌తో వదిలేయకండి. ఒక నిమిషం గ్యాప్‌తో రెండోసారి, రెండింటి మధ్య 10 కన్నా ఎక్కువ తేడా ఉంటే మూడోది కూడా చూసి చివరి రెండింటి సగటు తీయండి. మొదటిది ఎక్కువగా ఉండటం మామూలే.

మొదటిసారి వచ్చిన పేషెంట్‌కి రెండు చేతులకీ చూడాలి, ఎక్కువ వచ్చిన చెయ్యి ఏదో రాసి ఇకనుంచి ఆ చేతికే చూడాలి. మళ్లీ మళ్లీ చూసినా 15 పైన తేడా వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి, రక్తనాళం ఎక్కడైనా సన్నబడి ఉండొచ్చు. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన (రక్తనాళాలు కలిపి కుట్టిన) చేతికి కఫ్ కట్టనే కట్టకూడదు, రొమ్ము ఆపరేషన్లో చంక గడ్డలు తీసిన వైపు కూడా వద్దు, అందుకే కట్టే ముందు అడగండి.

ముసలివాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, కళ్లు తిరుగుతున్నాయన్నవాళ్లకి నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకి కూడా చూడండి. పైది 20 లేదా కిందిది 10 పడిపోతే అది పెద్ద విషయం. పక్కనే నిలబడి పట్టుకోండి, పడిపోతారు.

గర్భిణులకి కూర్చోబెట్టే చూడండి. ఎడమ పక్కకి పడుకోబెట్టి పైనున్న కుడి చేతికి చూస్తే, ఆ చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి తక్కువ వస్తుంది, వాళ్ల విషయంలో తక్కువ వచ్చిందని వదిలేయడమే ప్రమాదం. 140/90 వస్తే ఆ రోజే డాక్టర్ చూడాలి.

స్టెప్ 9: రాయడం

చూసిన నంబర్ చూసినట్టు రాయండి. 138ని 140 చేయకండి, 142ని 140 చేయకండి. "148/92, కుడి చెయ్యి, కూర్చుని, పెద్ద కఫ్, పొద్దున 9.40, మాత్ర వేసుకోలేదు" ఇలా ఉండాలి. 120/80 అని కళ్లు మూసుకుని రాయడం చాలాచోట్ల చూశాను, దయచేసి అది చేయకండి, చూడటానికి టైమ్ లేకపోతే చూడలేదని రాయండి.

180/120 దాటితే కంగారు పడి పేషెంట్‌ని కంగారు పెట్టకండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, చూపు మసకబారడం, భరించలేని తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటున్నా ఆ క్షణమే డాక్టర్‌ని పిలవండి, డాక్టర్ లేకపోతే 108. ఏమీ లేకపోతే కూర్చోబెట్టి 5 నిమిషాలయ్యాక మళ్లీ చూసి లోపలికి చెప్పండి. మీ అంతట మీరు నాలుక కింద మాత్ర పెట్టకండి, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం చాలక అదే ప్రాణం మీదికి తెస్తుంది.

మీ రీడింగ్ కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది

మెషిన్‌తో మొదలుపెట్టండి. డయల్ ముల్లు గాలి లేనప్పుడు సున్నా దగ్గర ఉందా? లేకపోతే దాన్ని ఆ రోజే పక్కన పెట్టేయండి. కఫ్‌ని ఒక గట్టి సీసాకి చుట్టి 200 దాకా కొట్టి స్క్రూ బిగించి కాసేపు కుదురుకోనివ్వండి, ఆ తర్వాత నిమిషంలో 4 కన్నా ఎక్కువ దిగితే ఎక్కడో గాలి లీక్ అవుతోంది, ట్యూబ్ అతుకులూ బల్బూ స్క్రూ చూడండి. డయల్ మెషిన్‌ని ఆరు నెలలకోసారి, డిజిటల్‌ని ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కి (సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించి సరిచేయడానికి) పంపించాలి, తేదీ రాసి మెషిన్ వెనక అంటించండి. డిజిటల్‌లో బ్యాటరీ గుర్తు వెలిగిన రోజే మార్చేయండి.

తర్వాత మీ రిజిస్టర్. డయల్‌తో మీరు చూసిన ఆఖరి 50 పై బీపీలు తీసి చివరి అంకె లెక్కపెట్టండి. డయల్ మీద గీతలు రెండేసి పాయింట్లకి ఉంటాయి కాబట్టి 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా పడాలి, అంటే సున్నాతో అయ్యేవి 10కి అటూ ఇటూ. 30, 35 వచ్చాయంటే మీరు వినటం లేదు, దగ్గర్లో ఉన్న పదికి సర్దేస్తున్నారు. నేను మొదటిసారి లెక్కపెట్టుకున్నప్పుడు నాకు 31 వచ్చాయి.

ఇక చెవి. రెండు జతల చెవిగొట్టాలుండే టీచింగ్ స్టెత్ దొరికితే సీనియర్ సిస్టర్‌తో కలిసి ఒకే చెయ్యి, ఒకే సారి వినండి, ఇద్దరూ ఒకరికొకరు చూపించుకోకుండా కాగితం మీద రాసుకోండి, తర్వాత పోల్చుకోండి. తేడా 4 లోపు ఉంటే మీ చెవి బాగున్నట్టే. ఎక్కువొస్తే ఎవరిది తప్పని వాదించుకోవద్దు, గాలి వదిలే స్పీడ్ ఇంకాస్త తగ్గించి ఇంకో పేషెంట్‌కి మళ్లీ కలిసి వినండి, వరసగా పదిమందికి 4 లోపు వచ్చేదాకా.